ఐసు ఫ్యాక్టరీకి ఎన్ని ఆకులు

2023, వానలు వెనకపట్టిన రోజులు. విశాఖపట్నంలో చిన్నా చితకా పరిశ్రమల వాళ్ల సంఘం ఒకటి నన్ను పిలిచింది. వాతావరణం వేడెక్కకుండా ఏ సంస్థ తన వంతు ఎంత చేస్తోందో కొలిచి, గుర్తింపు ఇచ్చే పథకం ఒకటి తయారు చెయ్యమంది. నేను ఎనర్జీ ఆడిటర్‌ని. అంటే ఫ్యాక్టరీల్లో కరెంటు, బొగ్గు, డీజిలు ఎక్కడెక్కడ వృథా అవుతున్నాయో వెతికి చెప్పేవాణ్ని. పాతికేళ్లుగా ఇదే పని. కథలు చెప్పడం నా రెండో పని. దానికి జీతం లేదు గానీ పేరు మాత్రం దానికే ఎక్కువ వచ్చింది. ఆటోనగర్‌లో ఒక బాయిలరు గోడ మీద దోసెలు పోసుకుని పదిమందిమి తిన్నామని నేను చెప్పిన సంగతిని ఇప్పటికీ నమ్మేవాళ్లున్నారు.

పథకం పేరు ఐదాకులు. మంచి పని చేసిన సంస్థకు ఒకటి నుంచి ఐదు వరకు ఆకులు చెక్కిన ఇత్తడి పలక ఇస్తాం. వాళ్లు గేటుకు తగిలించుకుంటారు. మధురవాడలో మా ఆఫీసులో కూర్చుని నేనూ, లెక్కల షీటు తయారు చేసే స్వాతి అనే అమ్మాయీ నెల్లాళ్లు ఫారం రాశాం. దాన్ని బీచ్ రోడ్డు మీద పరిస్తే చివరి పేజీ సముద్రంలో తడిసేది, అంత పొడవు.

ఫారంలో ప్రాణం అంతా ఆరో రూల్‌లో ఉంది. సంస్థ చేరిన మొదటి మూడు నెలల వాడకాన్ని బేస్‌లైన్ అంటాం, అంటే పోల్చి చూసుకోవడానికి పెట్టుకునే గీత. తర్వాతి మూడు నెలల్లో ఆ గీత కిందికి ఎంత దిగితే అన్ని ఆకులు. విన్నవాళ్లంతా తలలూపారు. పాత మీటరు రీడింగులతో ఒకసారి ట్రయల్ వేసి చూస్తే మొట్టమొదటి ఐదాకులు ఒక రోలింగ్ మిల్లుకు వచ్చాయి. సంతోషంగా వెళ్లి చూస్తే దాని గేటుకు తాళం. మూతపడి మూడు నెలలు. మూతపడ్డ మిల్లు కంటే వాతావరణానికి మేలు చేసేది ఇంకేముంటుంది? స్వాతి నవ్వలేదు. "సర్, నడుస్తున్న సంస్థలకు మాత్రమే అని ఒక లైను వేద్దాం" అంది. వేశాం. ఇక ఏ చిల్లూ లేదనుకున్నాను.

అప్పుడు నూకాలమ్మ గారి ఐసు ఫ్యాక్టరీకి వెళ్లాను.

జాలరిపేట నుంచి నడిచి వెళ్లేంత దూరంలో, రేకుల కప్పుతో ఉంటుంది అది. నూకాలమ్మ గారికి యాభై దాటాయి. తండ్రి పెట్టిన ఫ్యాక్టరీని తమ్ముడు పైడిరాజు సాయంతో నడుపుతోంది. యంత్రాలు అతనివి, మాట ఆవిడది. కుర్చీ వేసి, టీ చేతికిచ్చి, నేను అడక్కముందే ఆవిడే మొదలుపెట్టింది.

"మా కాడ పొగ గొట్టమే నేదు బాబూ. నానేటి తగ్గించాల?"

"మీ దగ్గర లేదమ్మా, మీ కరెంటు తయారయ్యే చోట ఉంది. దాన్ని స్కోప్ టూ అంటాం. పొగ వేరేచోట వచ్చినా, వాడుకున్నది మీరు కాబట్టి మీ లెక్కలోకి వస్తుంది."

"ఎవుడో పొగ ఒగ్గితే నా లెక్కలో ఏత్తారా?"

"మీకోసమే కదమ్మా వదులుతున్నాడు."

"నాను ఒగ్గమన్నానేటి?"

లోపల చూపించమన్నాను. పెద్ద తొట్టి నిండా ఉప్పునీళ్లు. కంప్రెసరు వాటిని గడ్డకట్టే చలి కంటే చల్లగా ఉంచుతుంది. మంచినీళ్లు నింపిన పొడవాటి రేకు డబ్బాలను అందులో ముంచితే ఒక రోజుకు దిమ్మ తయారవుతుంది. ఇదంతా ఏ ఐసు ఫ్యాక్టరీలోనైనా ఉండేదే. ఇక్కడ తొట్టి మీద బరువైన చెక్క మూతలు, వాటి మీద రెండు వరసల గోనెలు ఉన్నాయి. గోడలకు లోపల ఊక కూరి ఉంది. దిమ్మ డబ్బాను వదలాలంటే మామూలు నీళ్ల తొట్టిలో ఒకసారి ముంచాలి. అలా ముంచీ ముంచీ ఆ నీళ్లు చల్లబడతాయి. నేను చూసిన చాలా చోట్ల ఆ నీళ్లు కాలవలోకి పోతాయి. ఇక్కడ వాటినే తిరిగి డబ్బాల్లోకి నింపుతున్నారు.

"సల్లబడ్డ నీళ్లు పారబోసి, ఎచ్చటి నీళ్లెట్టి మళ్లీ సల్లబరుత్తామేటి బాబూ? మా అయ్య సూత్తే తన్నడా?" అంది ఆవిడ.

నాకు ముచ్చటేసింది. ఫారం తీశాను. గడచిన ఏడాది కొత్తగా చేపట్టిన చర్యలు?

"కొత్తవేటీ నేవు. అన్నీ పాతయ్యే."

రాబోయే మూడు నెలల్లో తగ్గించగలిగినవి?

"తగ్గడానికేటుంది? ఉన్నదంతా మా అయ్యే తగ్గించీసి పోనాడు."

లెక్క వేశాను. సున్నా ఆకులు. మళ్లీ వేశాను. మళ్లీ సున్నా. అంతకు ముందురోజే, అద్దాల ఆఫీసులో ఏసీలు సగం మార్చిన ఒక పెద్ద గోడౌను ఇదే లెక్కతో మూడాకులకు దగ్గరలో ఉంది. ఎక్కడో పొరపాటు ఉందని తెలుస్తోంది గానీ, ఎక్కడుందో నాకు చిక్కలేదు. మనిషి ముందు సున్నా అనలేక నసిగాను.

ఆవిడకు అర్థమైంది. "రొయ్యల ఎక్స్‌పోర్టోలు ఉత్తరం అంపినారు బాబూ. వొచ్చే సీజన్ నుంచి రెండాకులైనా ఉన్నోల కాడే ఐసు కొంటారట. ఆల్లు మానీసినారంటే సగం డబ్బాలు ఖాళీ. పద్నాలుగు మంది పనోలు. ఆల్లకేటి సెప్పాల నాను?"

అక్కడ నేను నోరు మూసుకుని ఉంటే ఈ కథ ఉండేది కాదు. ఆవిడ దిగులు మొహం చూడలేక, నవ్వించాలనిపించింది. "దానికేముందమ్మా, గాజువాకలో ఒక ఓనరున్నాడు. మీలాగే అతి పొదుపరి. ఏం చేశాడనుకున్నారు? మొదటి మూడు నెలలూ పట్టపగలు లైట్లన్నీ వేశాడు, ఖాళీ గదులకు ఫ్యాన్లు తిప్పాడు, మోటార్లకు ఊరికే వ్యాయామం చేయించాడు. నాలుగో నెలలో అన్నీ కట్టేశాడు. ఐదాకులు వాటంతటవే నడిచొచ్చాయి!" అన్నాను.

పైడిరాజు పగలబడి నవ్వాడు. నూకాలమ్మ నవ్విందో లేదో నేను చూడలేదు. చూడాల్సింది.

రెండు నెలల తర్వాత రీడింగులు సరిచూడ్డానికి వెళ్లాను. పైడిరాజు గేటు దాకా ఎదురొచ్చాడు. "రండి సార్, రండి! మీటర్ల నంబర్లు పరుగెడతన్నాయి!" అన్నాడు, కొడుకు ఫస్టు వచ్చినట్టు. లోపలికి వెళితే చెక్క మూతలన్నీ గోడకు చేరబెట్టి ఉన్నాయి. గోనెలు ఉతికి తాడు మీద ఆరేశారు. తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి. చల్లటి నీళ్లు గలగలమంటూ కాలవలోకి పోతున్నాయి. నూకాలమ్మ ఎప్పటి చోటే కూర్చుంది గానీ కుర్చీని గోడవైపు తిప్పేసుకుంది.

"ఏమిటమ్మా ఇది?"

"ఆ కాలవ ఏపు సూడలేకపోతన్నాను బాబూ. ఇంకో నెల ఓర్సుకుంటే అయిపోద్ది కదా. మీ గాజువాకాయన సేసినట్టే సేత్తన్నాం."

నాకు ఆ గాజువాకాయన ఎవరో గుర్తు రావడానికి కాసేపు పట్టింది.

"అమ్మా, ఆ గాజువాక ఓనరు లేడు."

"సచ్చిపోనాడా పాపం?"

"పుట్టలేదమ్మా."

ఆవిడ నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది. కుర్చీ నావైపు తిప్పి, "మీరు ఇంజినీరు కదా బాబూ" అంది. అంతే.

పైడిరాజు మూతల దగ్గర నిలబడి, "మరిప్పుడు మూతలు ఏసీమంటారా, ఒగ్గీమంటారా సార్? ఏసీత్తే ఆకులు రావు. ఒగ్గీత్తే అక్క బతకదు" అన్నాడు. పాతికేళ్ల అనుభవం ఉన్నవాణ్ని, ఒక చెక్క మూత వెయ్యాలో తియ్యాలో చెప్పలేక నిలబడ్డాను. చివరికి వేసెయ్యమన్నాను. ఏ ధైర్యంతో అన్నానో ఇప్పటికీ తెలియదు.

ఆఫీసుకొచ్చి స్వాతికి చెప్పాను. ఆ అమ్మాయి షీటులో అంకెలు వేసి, "సర్, మన ఫార్ములా ప్రకారం ఆవిడ చేసింది కరెక్టే. మూడో నెల కూడా ఇలాగే కానిచ్చి తర్వాత మూతలు వేసుంటే నాలుగాకులు" అంది.

"నేను జోకుగా చెప్పానమ్మా."

"జోకు కాదు సర్. అది మన రూల్ నంబర్ ఆరు."

ఆ రోజంతా నేను గాజువాక ఓనర్నే తలుచుకున్నాను. నేను పుట్టించాననుకున్న మనిషిని నిజానికి నా ఫారమే కని, ఎప్పటినుంచో పెంచుతోంది. నా వంతుగా నేను వాడికి ఊరి పేరు పెట్టానంతే.

ఆరో రూల్ కొట్టేశాం. దాని చోట ఇంటెన్సిటీ పెట్టాం. అంటే, ఒక టన్ను ఐసు తయారీకి ఎన్ని యూనిట్ల కరెంటు అయిందో చూసి, అదే పని చేసే మిగతా ఫ్యాక్టరీలతో పోల్చడం. ఎవరి నిన్నటితో వాళ్లను పోల్చడం మానేశాం. నూకాలమ్మ గారి పాత అంకెలు వేస్తే ఆవిడే అందరికన్నా ముందుంది. హమ్మయ్య అనుకునేలోగా స్వాతి గొంతు సవరించుకుంది. "సర్, కొత్త రూల్‌లో ఆరు నెలల సగటు తీసుకోవాలి. ఆ రెండు నెలలు కూడా కలుస్తాయి. కలిపితే ఒక్క ఆకే."

పాత రూల్ ఉంచితే వృథా చేసినందుకు బహుమతి. కొత్త రూల్ పెడితే నా మాట విన్నందుకు శిక్ష. ఏ దారిన పోయినా మధ్యలో నేనే అడ్డం నిలబడి ఉన్నాను.

సంఘం కమిటీ ముందుకు వెళ్లి ఒప్పుకోవడం తప్ప మార్గం కనబడలేదు. అధ్యక్షుడు సన్యాసిరావుది ఫ్యాబ్రికేషన్ షెడ్డు. నన్ను బావా అని పిలుస్తాడు. ఆ రెండు నెలల వృథాకు కారణం నేను చెప్పిన అబద్ధం, ఆవిడ తప్పేం లేదు, వాటిని లెక్కలోంచి తీసెయ్యండి అని జరిగిందంతా విన్నవించాను. కమిటీ అంతా నవ్వింది.

"బాయిలరు దోసెలైపోనాయి, ఇప్పుడిదేటి బావా కొత్త కథ?" అన్నాడు సన్యాసిరావు.

"నిజం బావా."

"దోసెలప్పుడూ నిజమనే అన్నావు. ఆయమ్మ మీద జాలి పుట్టి కథ కట్టేత్తన్నావు గానీ, ఐసు ఫ్యాక్టరీలో మూతలు తీసినోలు ఎవులైనా ఉంటారేటి? నీ మాట మీద రెండు నెలలు కొట్టీమంటే రేపు అందరూ కొట్టీమంటారు. కాగితం సూపించు."

జీవితంలో ఒక్కసారి అవసరానికి నిజం చెబితే సాక్ష్యం అడిగారు. ఏ కాగితం చూపించను? అప్పుడు లాగ్‌బుక్ గుర్తొచ్చింది. కంప్రెసరు దగ్గర వేడి, చలి, ఒత్తిడి ఎప్పటికప్పుడు రాసి ఉంచే పుస్తకం అది. పైడిరాజు చేత తెప్పించాను. సన్యాసిరావు పేజీలు తిప్పి, ఒకచోట ఆగి, పైకి చదివాడు.

"ఇంజినీరు బాబు సెప్పినట్టు మూతలు తీసినాం. నీళ్లు కాలవకి ఒగ్గినాం. అక్క అన్నం తిన్లేదు."

గదిలో ఎవరూ నవ్వలేదు. సన్యాసిరావు పుస్తకం మూసి, నావైపు చూడకుండా, "ఇది కథ కాదు" అన్నాడు.

ఆ రెండు నెలలూ లెక్కలోంచి తీసేశారు. ఆ ఫ్యాక్టరీకి రేటింగ్ ఇవ్వడానికి మాత్రం నా సంతకం చెల్లదన్నారు, న్యాయమే. వేరే ఆడిటరు వచ్చి, మిగిలిన నెలలు కొలిచి నాలుగాకులు ఇచ్చాడు. కంప్రెసరు మోటారు మరీ పాతది కాబట్టి ఐదోది ఇవ్వలేదు. కాగితం మీద రెండు నెలలు పోయాయి గానీ మీటరు వాటిని మర్చిపోలేదు. ఆ పొగ పైన ఎక్కడో నా పేరు మీదే ఉంది.

పలక ఇచ్చిన కొన్నాళ్లకు సన్యాసిరావు ఫోన్ చేశాడు. "బావా, రొయ్యల కంపెనీవోలు ఎల్లి సూసినారట. గేటుకి పలక నేదంటన్నారు. ఆయమ్మ అమ్మీసిందేటి?"

కంగారుగా వెళ్లాను. గేటు మీద నిజంగానే లేదు. లోపల మూతలు, వాటి మీద గోనెలు, తొట్టి పక్కన నూకాలమ్మ. కుర్చీ మామూలుగానే ఉంది.

"పలకేదమ్మా?"

ఆవిడ ఒక గోనె ఎత్తి చూపించింది. రెండు నెలలు గోడకు నిలబెట్టినప్పుడు ఒక మూత ఎండి, బీట వారిందట. ఆ బీట మీద నాలుగాకుల ఇత్తడి పలక, చుట్టూ మేకులు.

"అక్కడ్నించి సల్లదనం పోతంది బాబూ. గేటుకెట్టి ఏటి సేత్తాం?" అంది.

కంపెనీ వాళ్లను మళ్లీ పిలిపించి, గోనె ఎత్తి చూపించాం. ఐసు ఇప్పటికీ అక్కడే కొంటున్నారు.

అప్పటినుంచి ఏ సంస్థకు వెళ్లినా, ఏం తగ్గించారని అడిగే ముందు, ఎప్పట్నుంచో మీరు పారబోయనిది ఏమిటని అడుగుతున్నాను. తనిఖీకి వెళ్లిన చోట కథలు చెప్పడం మానేశాను. ఆ పలకకు మాత్రం మా ఫారంలో ఏ గడిలో మార్కులు వెయ్యాలో స్వాతికీ తెలియలేదు, నాకూ తెలియలేదు.