పిడి పరదేశి తలుపు

పరదేశి ఇంటి పెరటి తలుపు మీద ఒక్క కత్తిగాటు కూడా లేదు. సొట్టలు మాత్రం లెక్కలేనన్ని. కత్తి విసిరితే మొన దిగాలి. అతను విసిరితే పిడి తగిలేది. ధన్‌మని తగిలి కింద పడేది. పక్కనే పడుకునే పిల్లి ఆ చప్పుడుకి చెవి కదపడం కూడా మానేసింది.

పరదేశిది చోడవరం. చెరకు నరకడం అతని పని, అందులో అతని చేతికి వంక పెట్టినవాడు లేడు. ఒకసారి అనకాపల్లికి సర్కస్ వచ్చింది. చెక్కకి ఆనుకుని నిలబడిన ఆడమనిషి చుట్టూ ఒకడు కత్తులు దిగేలా విసిరాడు. అది చూసి ఇంటికొచ్చిన పరదేశి, పెరటి తలుపుకి ఆనుకుని నిలబడమని భార్య రాజ్యాన్ని అడిగాడు.

"నిలబడతాను గానీ, ముందు మీయమ్మని నిలబెట్టి సూపించు," అంది రాజ్యం.

అప్పట్నుంచి ఖాళీ తలుపే గురి. కత్తులు చేసి సానపట్టే బడేసాహెబ్ దగ్గర మంచి కత్తి చేయించుకున్నాడు. దానికి వారం వారం సాన పట్టించేవాడు. రాజ్యం కత్తిపీట మొండిదై, ఆనపకాయ కోయడానికి ఆమె దాదాపు దాని మీదికెక్కాల్సి వచ్చేది. ఆ సంగతి ఆమె ఎన్నిసార్లు చెప్పినా అతనికి వినబడేది కాదు.

సాయంత్రం పశువుల పాక గోడకి వీపు ఆనించి, తలుపు మీదికి కత్తి విసిరేవాడు. అంతకంటే వెనక్కి పోవడానికి పెరట్లో చోటు లేదు.

బెల్లం గానుగాటలు అయిపోయాక చెరకు నరికేవాళ్లు ఏటా కత్తి పందెం పెట్టుకునేవారు. సున్నం గీత దాటకుండా మూడుసార్లు విసరాలి. కత్తి చెక్కలో దిగి నిలబడితే లెక్క. తీర్పు బడేసాహెబ్‌ది. గీత దూరం సరిగ్గా తన పెరడంత ఉందని పరదేశి సంతోషించాడు కూడా. గెలిచేవాళ్లు కత్తిని మొన పట్టుకుని విసిరేవారు. కత్తన్నాక పిడే పట్టుకోవాలని పరదేశి పట్టుదల. మొదటి ఏడు మూడుసార్లూ పిడే తగిలింది. రెండో ఏడూ అంతే. దాంతో అతను పిడి పరదేశి అయిపోయాడు.

అతనికంటే రాజ్యానికే అది ఎక్కువ గుచ్చుకుంది. పొరుగింటి అచ్చియ్యమ్మ తన చుట్టాలకి ఆమెని చూపించి, "ఈ పిల్లేనర్రా, పిడోరి రాజ్యం," అంది. రాజ్యం ఇంటికొచ్చి, చంకలో నీళ్ల బిందె దించకుండానే పరదేశితో అంది.

"ఈ ఏడు ఒక్కసారైనా మొన దిగాల. దిగి ఈ పేరు పోయిందా, సరే. నేదంటే ఆ కత్తి నూతిలో పడేస్తాను."

పరదేశి తలుపు మీది సొట్టలు తడిమాడు. "అక్కడ పెట్టే సెక్క నాకు కొత్త. మన తలుపైతే అలవాటు."

"అలవాటైన తలుపుకీ పిడే గదా తగుల్తంది?"

"ఇంటికాడ ఎవులు సూస్తన్నారని? నలుగురిలో పెడితే దానికీ సిగ్గుంటాది."

పందెం రోజున తలుపు ఊడదీసి, ముందు అతనూ వెనక రాజ్యమూ మోసుకుపోయారు. తలుపు ఉండాల్సిన చోట పరదేశి తల్లిని కర్ర ఇచ్చి కూర్చోబెట్టారు.

"ఏట్రా పరదేశీ, ఇల్లు మారుతన్నావేటి?" అన్నాడు బంగార్రాజు. అతనిది బుచ్చయ్యపేట, కిందటేడు గెలిచినవాడు.

బడేసాహెబ్ తలుపుని తడిమి చూశాడు. "సొట్టలే గానీ ఒక్క గాటు నేదు. కొత్తదాని కిందే లెక్క. కానియ్యి, ఎయ్యి."

మొదటిది ధన్. రెండోది ధన్‌మని తగిలి, ఎగిరి బంగార్రాజు కాళ్ల దగ్గర పడింది. అతను దాన్ని రెండు చేతులా తీసి, ప్రసాదంలా కళ్లకద్దుకుని అందించాడు.

"పిడి కందిపోయింది బావా. కాస్త ఊదు."

జనం పగలబడి నవ్వారు. పరదేశి కత్తి తీసుకున్నాడు గాని విసరలేదు. గీత దగ్గర్నుంచి మెల్లగా వెనక్కి అడుగు వేశాడు. ఇంకో అడుగు. గురి కోసం కాదు. వెనక బండి ఉంది, బండి దాటితే ఇంటికి దారి ఉంది.

"ఎటెల్తన్నావు?" రాజ్యం కేక.

"ఇంటికి."

"తలుపిక్కడుంటే ఇంటికెల్లి ఏటి మూసుకుంటావు? ఎయ్యి!"

ఆ గొంతుకి జడిసి, నిలబడిన చోటునుంచే విసిరేశాడు.

ధన్ వినబడలేదు. ముందే మొదలుపెట్టిన నవ్వులు ఆగడానికి కొంచెం సేపు పట్టింది. కత్తి తలుపులో ఉంది. మొన లోపల, పిడి బయట.

"అది సెల్లదు! గీతకాడినుంచి ఎయ్యాల!" అన్నాడు బంగార్రాజు.

"గీత దాటొద్దన్నాం గానీ ఎనక్కెల్లొద్దన్నామా?" బడేసాహెబ్ పరదేశి వైపు తిరిగాడు. "ఒరే, కత్తి గాల్లో తిరగాల. ఆ మాత్రం ఎడం సాల్నేదు నీకు. ఇన్నాల్లూ ఎనక్కెందుకు జరగనేదు?"

"ఎనకాల గోడుంది సాయిబుగోరూ."

పందెం మళ్లీ బంగార్రాజే గెలిచాడు. జనం మాత్రం తలుపు వెంట నడిచారు. దారి కాకపోయినా రాజ్యం దాన్ని బజారు మీదుగా తిప్పింది. అచ్చియ్యమ్మ గుమ్మం ముందు చెయ్యి నొప్పెడుతోందని దింపించి, చాలాసేపు ఆగింది.

తలుపు మళ్లీ బిగించారు. కత్తిని మాత్రం రాజ్యం పీకనివ్వలేదు. "ఉండనీ. సూసినోల్లు సూస్తారు," అంది.

నాలుగు రోజులు అందరూ చూశారు. అయిదో రోజు రాజ్యం కూడా పరీక్షగా చూసింది. పదును పైకి ఉంది. ఆనపకాయ తెచ్చి దాని మీద పెట్టి నొక్కితే వెన్నలా తెగింది. తలుపు ఊగడం ఒక్కటే ఇబ్బంది. అందుకు పరదేశిని పిలిచింది.

ఇప్పుడు సాయంత్రాలు అతను తలుపు కదలకుండా పట్టుకుని నిలబడుతున్నాడు. ఊళ్లో పిడి పరదేశి అనడం మానేశారు. తలుపు పరదేశి అంటున్నారు.

"ఇది నయమే," అంటుంది రాజ్యం, ముక్కలు చాటలోకి తోస్తూ. "గట్టిగా పట్టుకో మావా, ఊగుతంది."