గింజ తీసిన పాట

మొన్న మా కోడలు నా ఫోనులో పాటలు వినే ఏర్పాటు చేస్తూ, అత్తమ్మా, సౌండు మామూలుగా పెట్టమంటారా, లాస్‌లెస్ పెట్టమంటారా అని అడిగింది. అడిగినదే గానీ నా జవాబు కోసం ఆగలేదు. మామూలుదైతే చోటు తక్కువ పడుతుందనీ, రెండోదైతే ఫోను తొందరగా నిండిపోతుందనీ, ఎలాగూ మీకు తేడా తెలియదు గనుక మామూలుదే పెట్టేస్తాననీ తనే తీర్పు చెప్పేసింది. నాకు నవ్వు ఆగలేదు. ఆ రెండింటి తేడా మీద ఒకప్పుడు మా ఇంట్లో పెద్ద పంచాయతీ నడిచిందనీ, దాని కోసం పుత్తూరులో ఒకసారి, సత్యవేడులో ఒకసారి బస్సు మారి తడ దాకా పోయి వచ్చామనీ ఆ పిల్లకేం తెలుసు? క్యాసెట్టు చక్రంలో పెన్సిలు దూర్చి తిప్పిన చేతులు మీవి కూడా అయితే, నేను చెప్పబోయేది మీకు ఇట్టే అర్థమవుతుంది.

మా అత్తగారి ఊరు కార్వేటినగరం. ఆ చుట్టుపక్కల పెళ్ళిళ్ళలో మగపెళ్ళివాళ్ళను ఎగతాళి చేస్తూ పాడడానికి మా అత్తను మించిన మనిషి లేదు. తాంబూలంతో పాటు పాటకూ పిలుపు వచ్చేది. పరాయివాళ్ళ పెళ్ళిళ్ళలో అంత పాడిన మనిషి సొంత కూతురి పెళ్ళిలో ఊరుకుంటుందా? తొంభైల మొదట్లో మా ఆడబిడ్డను తడలో ఇచ్చినప్పుడు, వియ్యపురాలు పందిట్లోకి వస్తుంటే అరటి చెట్లు పక్కకు జరిగి దారి ఇచ్చాయనీ, విడిదింట్లో ఆమె గురక పెడుతుంటే మేళగాళ్ళు దానికే శ్రుతి కలుపుకున్నారనీ ఎదురుగా నిలబడి పాడింది. పందిరంతా నవ్వింది, పెళ్ళికొడుకు అందరికంటే ఎక్కువ నవ్వాడు, వియ్యపురాలు మాత్రం అప్పగింతల దాకా మూతి తిప్పుకునే ఉంది.

ఆ అల్లుడు ఎంత సరదా మనిషంటే, మరుసటి నెల కొత్త అల్లుడి మర్యాదకు వస్తూ వస్తూ ఒక టేపురికార్డరు చంకన పెట్టుకుని వచ్చి, అత్తా, మా అమ్మ మీద పాడినవన్నీ ఇంకోసారి పాడు, పట్టుకుంటాను అన్నాడు. కన్నతల్లి మీద తిట్లు క్యాసెట్టులో దాచుకున్న కొడుకును నేను ఆయనొక్కణ్ణే చూశాను. మా అత్త కొంగు దోపుకుని నడింట్లో కూర్చుంది. మేమందరం చుట్టూ చేరాము. మా మామను కూడా రమ్మంటే ఆయన ఆ డబ్బాను పామును చూసినట్టు చూశాడు.

“నా గొంతు నా కాడ ఉండనీ అప్పా. దాన్ని డబ్బాలో పెట్టుకుని మీరేం సేసుకుంటారు?” అని ఆకువక్కల పళ్ళెం తీసుకుని తలుపు వెనక్కి పోయి కూర్చున్నాడు.

కూర్చున్నవాడు ఊరికే ఉండలేదు. అడకత్తెరతో వక్కలు కత్తిరించడం మొదలుపెట్టాడు. మా అత్త ఒక చరణం పాడి ఊపిరి తీసుకునేలోగా తలుపు వెనక నుంచి టక్ మని ఒక వక్క తెగేది. తాళానికి ముందో వెనకో పడేది గానీ సరిగ్గా తాళంలో ఎప్పుడూ పడేది కాదు. మా అత్త కళ్ళెర్ర జేసి తలుపు వైపు చూసేది, చూస్తూనే పాడేది.

కొన్నేళ్ళకు మా మామ పోయాడు. ఆయన ఫొటో అంటూ ఉన్నది కూతురి పెళ్ళిలో తీసిందొక్కటే, అందులో కళ్ళు మూసుకుని ఉన్నాడు. గొంతు ఎక్కడా లేదు. ఆ మనిషి చేసిన చప్పుళ్ళలో లోకంలో మిగిలింది ఆ క్యాసెట్టులోని వక్కల చప్పుడొక్కటే. అందుకే మా అత్త రోజూ సాయంత్రం వాకిట్లో కూర్చుని చింతపండు కొడుతూ ఆ క్యాసెట్టు పెట్టించుకునేది. ఇరుగుపొరుగు వాళ్ళు మాత్రం, ముసలామెకు తన పాటంటే ఎంత మురిపెమో చూడండి అని ముసిముసిగా నవ్వుకునేవారు. నవ్వుకోనీలే అని మా అత్త వాళ్ళకు విడమరచి చెప్పేది కాదు.

రోజూ తిరిగితే టేపు మాత్రం ఎన్నాళ్ళుంటుంది? సాగింది, చిక్కుపడింది, ఒక్కోసారి మా అత్త గొంతు మగగొంతుగా మారేది. అప్పటికి కొత్త శతాబ్దం వచ్చేసింది. తిరుపతిలో క్యాసెట్ల అంగడి పెట్టుకున్న మా మరిది బోర్డు మార్చి సీడీల అంగడి చేసి, లోపల ఒక కంప్యూటరు కూడా పెట్టాడు. క్యాసెట్టు నాకియ్యి మా, ఎన్ని తరాలైనా చెడిపోకుండా చేసి తెస్తానని తీసుకుపోయాడు. ఒక ఆదివారం తళతళలాడే సీడీతో దిగాడు. దాంట్లో మా అత్త పాటలే కాదు, వందకు పైగా భక్తి పాటలు కూడా ఇరికించాడట. ఇంత చిన్న పళ్ళెంలో అన్ని పాటలా అని ఇల్లంతా నోళ్ళు తెరిచాము. తడ నుంచి వచ్చి ఉన్న ఆడబిడ్డ ఆ పూటే తిరుగు ప్రయాణం. మా అత్త ఆ సంబరంలో సీడీ వినకుండానే, నీ పెళ్ళి పాటలే గదా, ఇంక నువ్వే పెట్టుకో అని పాత క్యాసెట్టును కూతురి సంచిలో వేసి పంపేసింది.

సాయంత్రం చింతపండు ముందేసుకుని మా అత్త కూర్చుంది. మా మరిది సీడీ పెట్టాడు. పాట ఖంగున వచ్చింది. మేమందరం తలలాడించాము. మా అత్త తల ఆడలేదు. చేతిలోని సుత్తి పక్కన పెట్టి, డబ్బాకు చెవి ఆనించి, మొదటి పాట అయ్యేదాకా అట్లాగే ఉండి,

“సిన్నోడా, మీ నాయన ఈడ వక్క కత్తిరించడం లే. దోసకాయ తరుగుతా ఉండాడు” అంది.

మా ఇంటాయన పకపకా నవ్వాడు. నాకూ మొదట ఏమీ తెలియలేదు. మళ్ళీ పెట్టించి, వక్క తెగే చోటు ఇదీ అని ఆమె చెయ్యెత్తి చూపించాక తెలిసింది. టక్ మని రాయి పగిలినట్టు రావలసిన చప్పుడు, ముందొక చిన్న బుస, వెనకొక చిన్న బుసతో తుస్సుమని మెత్తగా వస్తోంది. పాట జోరుగా ఉన్న చోట్ల అదీ లేదు, బొత్తిగా మాయం.

మా మరిది తప్పు ఒప్పుకునే రకం కాదు. అమ్మ పక్కన కూలబడి, ఆమె ముందున్న చింతపండే చేతిలోకి తీసుకుని పాఠం మొదలుపెట్టాడు.

“దీన్ని ఎంపీత్రీ అంటారు మా. పెద్ద సద్దు ఎనకాల సిన్న సద్దు ఉంటే మన చెవి ఎట్లాగూ వినదు. వినంది మనకెందుకని కంప్యూటరు దాన్ని తీసి పారేస్తాది. నువ్వు చింతపండులో గింజ తీస్తావు సూడు, అట్ల. మూట సిన్నదవుతాది, పులుపు పోదు. పులుసులో గింజ ఎవురన్నా ఏస్తారా?”

“పులుసుకొద్దు నాయనా. గింజలతో బారాకట్ట ఆడల్లంటేనో? నాకు పులుసు కాదురా, గింజలే కావల్ల.”

 మా మరిది చెప్పింది అబద్ధం కాదు, ఆ పోలిక ఇప్పటికీ నాకు పనికొస్తూనే ఉంది. కాకపోతే ఏది గింజో ఏది పండో తేల్చింది కంప్యూటరు. మా అత్తను ఎవరూ అడగలేదు.

వారం తిరక్కముందే మా మరిది ఇంకో సీడీతో వచ్చాడు. ఈసారి ఎంపీత్రీని విప్పి, నాణ్యమైన రకంలోకి మార్చాననీ, పది పాటలకే చాలా చోటు పట్టిందనీ, ఇంత చోటు పట్టిందంటే అంతా వచ్చినట్టేననీ గట్టిగా చెప్పాడు. మా అత్తకు పరీక్ష కూడా పెట్టాడు. ఆమె గోడ వైపు తిరిగి కూర్చోవాలి, ఈయన మార్చి మార్చి పెడతాడు, ఏది ఏదో ఆమె చెప్పాలి. ఎదురింటివాళ్ళు కూడా చూడడానికి వచ్చారు. మొదటిది పెట్టాడు.

“దోసకాయ.”

రెండోది పెట్టాడు.

“ఇదీ దోసకాయే. గోనె మార్చినావు, అంతే.”

మూడోసారి ఏదో చప్పుడు కాగానే మా అత్త ఎగిరి కూర్చుని, ఆ, ఇదీ వక్క, ఇదే మీ నాయన అంది. తీరా చూస్తే అది మా ఇంటాయన పంఖా స్విచ్చి నొక్కిన చప్పుడు. ఎదురింటివాళ్ళు పడీపడీ నవ్వారు, మా అత్త కూడా నవ్వింది. నవ్వి, కొంగుతో మొహం తుడుచుకుని చాలాసేపు అటు తిరిగే కూర్చుంది. అప్పుడు గానీ మా మరిదికి ఎగతాళి వదలలేదు. గింజ తీసేసిన చింతపండును ఎంత పెద్ద గోనెలో పోసినా గింజలు తిరిగి రావనీ, మళ్ళీ ఎక్కించాలంటే ఆ పాత క్యాసెట్టే కావాలనీ నెమ్మదిగా ఒప్పుకున్నాడు.

క్యాసెట్టు తడలో ఉంది. మా ఇంటాయన చెల్లెలికి ఫోను చేసి, దాన్ని భద్రంగా ఎవరిచేతనైనా పంపమన్నాడు. ఆ పిల్ల దానికేం, ఎల్లుండికల్లా పంపుతానంది. ఈ మాట మా అత్త చెవిన పడగానే చేతిలోని చాట కింద పెట్టేసింది.

“అయ్యో, అది వట్టి గిన్నె పంపే మనిషి కాదే!”

మీకు తెలియనిది కాదు, ఎవరింటి నుంచైనా గిన్నెలో ఏదైనా వస్తే ఆ గిన్నెను వట్టిగా తిప్పి పంపకూడదు. ఇంత బెల్లమో, గుప్పెడు వేరుశనక్కాయలో వేసి పంపాలి. మా అత్త కూతురికి మాటలు రాకముందే ఆ మర్యాద నేర్పింది. ఆ క్యాసెట్టుకు ఒక పక్కే పాటలున్నాయి, రెండో పక్క వట్టిది. ఏ పక్క ఏదో ఎవరూ రాసి పెట్టలేదు. ఈ మర్యాదస్తురాలు గిన్నె నింపబోయి వక్కలున్న పక్క నింపిందంటే మా మామ రెండోసారి పోయినట్టే. ఫోను మళ్ళీ కొడితే లైను కలవలేదు. పొద్దున మొదటి బస్సుకే మా అత్త, మరిది, నేను బయలుదేరాము. దారి పొడుగునా మా అత్త తాను నేర్పిన మర్యాదను తానే తిట్టుకుంటూ కూర్చుంది. అది మా ఇంట్లో చరిత్ర.

మేము పోయేసరికి టేపురికార్డరు వరండాలో స్టూలు మీద ఉంది, మైకు బయటికి లాగి ఉంది. ఆడబిడ్డ ముఖం వెలిగిపోతోంది. వెనక వియ్యపురాలు, ఎన్నడూ మమ్మల్ని చూసి నవ్వని మనిషి, వెడల్పుగా నవ్వుతోంది. 

“వట్టిది ఎట్ల పంపేది వదినా? నింపేసినా” అంది ఆడబిడ్డ.

“యా పక్క నింపినావే?” అంది మా అత్త.

“యా పక్కో నాకేం తెలుసు మా. వట్టిగా ఉండే పక్కే అనుకుంటా.”

మా మరిది మీట నొక్కాడు. కాసేపు సర్రుమనే చప్పుడు తప్ప ఏమీ లేదు. తర్వాత వచ్చిన గొంతు మా అత్తది కాదు. వియ్యపురాలిది! సగం తెలుగూ సగం అరవమూ కలిపి, కార్వేటినగరంలో పెట్టిన వడలు ఎంత గట్టివంటే వాటితో వాళ్ళ ప్రహరీ గోడ కట్టుకున్నారనీ, అక్కడి వియ్యపురాలి నోటికి జడిసి కోడి కూడా పక్క ఊళ్ళో కూస్తుందనీ పాడుతోంది. పెళ్ళి నాటి పాటలకు పదేళ్ళు మూతి ముడుచుకున్న మనిషి, క్యాసెట్టు చేతికి రాగానే జవాబు కట్టేసింది. మామూలు రోజైతే మా అత్త అక్కడికక్కడే తిరుగు పాట అందుకునేది. ఆ రోజు మాత్రం కొడుకు చెయ్యి పట్టుకుని, తిప్పి పెట్టు అంది, అంతే.

మా మరిది క్యాసెట్టు తిప్పి పెట్టాడు. సర్రు చప్పుడు. చాలాసేపు సర్రు చప్పుడే. ఆ తర్వాత అరటి చెట్లు పక్కకు జరిగాయి, వాటి వెనకే, తాళం తప్పి, రాయి పగిలినట్టు, టక్.

“ఆ. వక్క” అంది మా అత్త, అక్కడే గడప మీద కూలబడి.

విషయం విన్నాక వియ్యపురాలు లోపలికి పోయి నిమ్మకాయ నీళ్ళు కలిపి తెచ్చి మా అత్త పక్కన కూర్చుంది. ఇద్దరూ తమ తమ తిట్లు తామే విని నవ్వుకుంటూ మధ్యాహ్నం దాకా గడిపారు. మేమూ చేపల పులుసు తినే వచ్చాము.

ఆ క్యాసెట్టును మా మరిది ఈసారి ఏమీ తీయకుండా, ఏమీ శుభ్రం చేయకుండా ఎక్కించాడు. అది పట్టుచీరను మడిచి పెట్టెలో పెట్టడం లాంటిదని ఇప్పుడు మా కోడలి మాటల వల్ల అర్థమైంది. మడిస్తే చోటు తగ్గుతుంది, విప్పితే ఒక్క పోగు కూడా పోదు. లాస్‌లెస్ అంటే అదేనట. టేపు సర్రు చప్పుడుతో సహా వచ్చింది. క్యాసెట్టులోకి రానిదాన్ని అదేమీ తెచ్చివ్వదు, మా మామ మాట ఒక్కటీ దాంట్లో లేదు. అయినా వచ్చినదాన్ని పోనివ్వలేదు. ఇంకో విశేషం చెప్పాలి. వియ్యపురాలి పక్క కూడా ఎక్కించమంటావా అని కొడుకు అడిగితే మా అత్త, “ఆమెది ఎంపీత్రీలో ఏసెయ్. దాంట్లో గింజలేం లేవు” అంది. మా మరిది రెండూ ఒకే రకంగా ఎక్కించి, అమ్మకు మాత్రం అట్లాగే చేశానని చెప్పాడు.

ఇప్పుడు మా అత్తా లేదు, ఆ వియ్యపురాలూ లేదు. ఇద్దరూ నా ఫోనులో, మడత నలగకుండా పక్కపక్కనే ఉన్నారు. మా కోడలికి వినిపించాను. విన్నాక ఆ లాస్‌లెస్ రకమే పెట్టి ఇచ్చింది.

కానీ నన్నడిగితే, పాటలకంటే మాటలకు ఈ ఏర్పాటు ముందు కావాలి. ఇదివరకు బెంగళూరు నుంచి మా కూతురు ఫోను చేస్తే, ఏం వండుతోందో అడగనక్కర లేకుండా తెలిసేది. తిరగవాత చిటపటలాడేది, కుక్కరు కూసేది, వీధిలో ఆకుకూరలమ్మి కేక వినబడేది. ఇప్పటి ఫోన్లు అవన్నీ తీసేసి, వట్టి మాటను కడిగి పంపుతున్నాయట. ఎంత శుభ్రంగా వస్తుందంటే, పిల్ల వంటింట్లో ఉందో ఆసుపత్రిలో ఉందో పోల్చుకోలేను. నిన్న ఫోను చేసినప్పుడు నేను ఆవాలు వేసిన బాణలి దగ్గరగా ఫోను పట్టుకుని, వినబడుతోందా, ఏం చేస్తున్నానో చెప్పు చూద్దాం అన్నాను.

“ఏమీ రావడం లేదు మా. నీ గొంతొక్కటే వస్తా ఉండాది, బో తేటగా ఉండాది” అంది.

ఆవాలు అన్నీ పేలిపోయే దాకా నేను ఫోను అక్కడే పట్టుకుని ఉన్నాను.