నాన్నగారి బూట్లు బర్నబీ వెళ్ళిన రోజు

ఒట్టు పెట్టకూడదని మా ఇంట్లో చిన్నప్పటి నుంచీ నేర్పారు. అయినా పెడుతున్నాను: ఇందులో ప్రతి అక్షరమూ నిజం. నా సంగతి తెలిసినవాళ్ళు ఇప్పటికే నవ్వుతూ ఉంటారు. నవ్వనివ్వండి. ఆ రోజు మా అక్క కూడా నమ్మలేదు. ఆమె నమ్మేదాకా మా నాన్నగారు చలిలో కూర్చోవలసి వచ్చింది.

నాన్నగారు బస్సుల్లో టికెట్లు తనిఖీ చేసే ఇన్‌స్పెక్టరుగా రిటైరయ్యారు. ఇప్పుడు కెనడాలో, సర్రీలో అక్క దగ్గర ఉంటారు. మతిమరుపు జబ్బు ముదిరాక అన్నం తిన్నారో లేదో గుర్తుండదు గానీ, డ్యూటీకి టైమైందన్న సంగతి మాత్రం రోజూ గుర్తొస్తుంది. తలుపు తీసుకుని వెళ్ళిపోతారు. పాలు తేవడానికైనా అక్క ఆయన్ని ఒంటరిగా వదలడం మానేసింది. ఇంతలో దూరాన రెజైనా ఊళ్ళో ఉన్న అక్క కూతురికి నెలలు నిండాయి. అక్క వెళ్ళాలి. నాన్నగారిని నాకు అప్పగించాలి. చిక్కు అక్కడే వచ్చింది.

"నీకా?" అంది. "ఆయన తప్పిపోతే పోలీసులకి కూడా కథ చెప్తావురా నువ్వు."

అందుకని ఒక బిళ్ళ కొన్నాను. రూపాయి బిళ్ళంత ఉంటుంది. దాన్ని బూటు లోపలి అట్ట కింద పెడితే ఆయన ఎక్కడున్నారో ఫోనులో మ్యాప్ మీద నీలం చుక్కలా కనిపిస్తుంది. మనకి కనిపించేది ఇంకెవరికి కనిపిస్తోందో అని నాకు మొదటి నుంచీ అనుమానమే. చుక్క కదలకపోతే ఛార్జింగ్ అయిపోయిందని అనుమానం. కదిలితే అబద్ధమాడుతోందని అనుమానం. ఇన్ని కథలు అల్లినవాణ్ణి, ఇంకొకరు చెప్పేదాన్ని అంత తేలిగ్గా నమ్ముతానా?

నాన్నగారికి మాత్రం చెప్పలేదు. చెబితే తీసి పారేస్తారని అక్క భయం. ఆయన బూట్లు వేసుకుని రెండడుగులు వేశారు. ఆగారు. టికెట్ లేకుండా వెనక సీట్లో నక్కినవాణ్ణి చూసినట్టు నావైపు చూశారు. నేను గోడ మీద క్యాలెండర్ చదువుతున్నట్టు నటించాను.

శనివారం మధ్యాహ్నం మేనకోడలి సుఖప్రసవం కోసం అక్క ఇంట్లో ప్రార్థన పెట్టింది. గుమ్మం దగ్గర బూట్లు, చెప్పులు గుట్టపడ్డాయి. ప్రార్థన అయింది, బిర్యానీ అయింది, డబ్బాల్లో సర్దుకోవడాలు, గుమ్మంలో నిలబడి మళ్ళీ గంట కబుర్లూ అయ్యాయి. అందరూ వెళ్ళాక చూస్తే నాన్నగారి కుర్చీ ఖాళీ.

ఫోను తీశాను. నీలం చుక్క హైవే మీద పరుగెడుతోంది.

"ఎవరి కారో ఎక్కేశారక్కా!"

వచ్చినవాళ్ళందరి మొహాలూ ఒక్కొక్కటే గుర్తు తెచ్చుకుని ఒక్కొక్కరినీ అనుమానించాను. ఒకవేళ తిరిగొస్తారేమోనని అక్కని ఇంట్లో ఉంచి, కారు తీశాను. చుక్క నది దాటింది. నేనూ దాటాను. చివరికి అది బర్నబీలో ఒక ఇండియన్ కిరాణా కొట్టు దగ్గర ఆగింది.

లోపలికి పరుగెత్తాను. ఆ రోజు అందరికంటే పొడుగ్గా ప్రార్థన చేసిన అంకుల్ బెండకాయలు ఏరుతున్నారు. పక్కన నాన్నగారు లేరు. నా చూపు కిందికి జారింది. అంకుల్ కాళ్ళకి మా నాన్నగారి గోధుమరంగు బూట్లు.

"అంకుల్, మా నాన్నగారేరీ?"

"ఇంట్లోనే ఉన్నారుగా బాబూ, చెప్పే వచ్చాను."

"మరి ఆయన బూట్లు మీ కాళ్ళకెందుకున్నాయి?"

ఆయన కిందికి చూసుకున్నారు. "అదే అనుకుంటున్నా! వచ్చేటప్పుడు వదులుగా ఉన్నవి పోయేటప్పుడు కరుస్తున్నాయేంటా అని. బిర్యానీ ఎక్కువైందేమో అనుకున్నా."

అక్కకి ఫోన్ చేశాను. "అక్కా, నాన్నగారి బూట్లు మాత్రమే బర్నబీ వచ్చాయి. ఆయన అంకుల్ బూట్లేసుకుని అక్కడే ఉంటారు. వీధి చివర బస్టాప్ చూడు."

"ఒరేయ్, నాన్న కనబడక నేను చస్తుంటే ఇప్పుడు కూడా కథలేనా? చుక్క ఎక్కడుందో చెప్పు!"

"చుక్క నా ముందు బెండకాయలు ఏరుతోందక్కా!"

ఫోన్ పెట్టేసింది. మళ్ళీ కలిపి అంకుల్ చేతికిచ్చాను. నిజం చెప్పడానికి నాకు సాక్షి కావలసి వచ్చింది.

నేను తిరిగొచ్చేసరికి నాన్నగారు బస్టాప్‌లో ఉన్నారు. కాళ్ళకి అంకుల్‌గారి నల్లబూట్లు, భుజాల మీద అక్క వచ్చి కప్పిన శాలువా. పక్కనే నిలబడిన పంజాబీ పెద్దాయన తన బస్ కార్డు చూపిస్తే, నాన్నగారు అటూ ఇటూ తిప్పి చూసి తిరిగిచ్చారు.

"ఎందుకొచ్చేశారు నాన్నగారూ?"

"నా బూటులో ఎవడో ఏదో పెట్టాడు. దాన్ని ఇంకోడికి తగిలించా. దాని వెనకాల పరిగెత్తినవాడే పెట్టినవాడు." నన్ను కిందినుంచి పైదాకా చూశారు. "నువ్వు ఎక్కడికెళ్ళొస్తున్నావ్?"

"నేను రెజైనా వెళ్ళను," అంది అక్క, కళ్ళు తుడుచుకుంటూ.

ఆ సాయంత్రం అంకుల్ వచ్చి బూట్లు మార్చుకుని వెళ్ళాక, బూటులోంచి బిళ్ళ తీసి నాన్నగారి ముందు పెట్టాను. దాన్ని ఆయన ఫొటోతో పాటు ఒక ప్లాస్టిక్ కవరులో దూర్చి చెప్పాను: "ఇది మీ డ్యూటీ పాస్ నాన్నగారూ. ఇది దగ్గరుంటే మీరెక్కడున్నారో మాకు తెలుస్తుంది." రెండువైపులా చూశారు. "ఫొటో పాతది," అన్నారు. చొక్కా జేబులో పెట్టుకుని, పైన గుండీ పెట్టుకున్నారు. మర్నాడు చొక్కా మార్చినప్పుడు పాస్ ఏదని ఆయనే అడిగారు. కొన్నాళ్ళు చూసి అక్క విమానం ఎక్కింది. అక్కడినుంచి రోజూ వీడియో కాల్ చేస్తుంది. నేను మ్యాప్ చూపించబోతే, "చుక్క కాదురా, మనిషిని చూపించు," అంటుంది.

ఇక ఒట్టు సంగతి. బస్టాప్‌లో నాన్నగారు అన్న మాటలు నావి. ఆయన నిజంగా అడిగింది బస్సు ఎందుకు లేటయిందని, అంతే. బూట్లు ఆయనే మార్చారో, అంకుల్ పొరపాటున తొడుక్కుపోతే మిగిలినవి ఈయన వేసుకున్నారో ఎవరూ చూడలేదు. ఆ తెలివి ఆయనలో ఇంకా ఉండాలని నేనే పెట్టాను, బిళ్ళ పెట్టినట్టే, ఆయనకి చెప్పకుండా.

కానీ ఆ రోజు నుంచీ ఆయన బూటు వేసుకునే ముందు దాన్ని తలకిందులు చేసి దులుపుతారు. దులిపి, నావైపు చూస్తారు. అది మాత్రం నేను కల్పించలేదు.