పచ్చి బాలింతకు పచ్చి నీళ్లు

వరంగల్‌లో కాన్పుల వార్డు నర్సుని నేను. నా నోరు పెద్దదని అందరూ అంటారు. నిజమే! ఆ వార్డులో మెల్లగా మాట్లాడితే ఎవరు వింటారు? చెయ్యి మాత్రం బహు నెమ్మది. రక్తం పోయి నరాలు అణిగిపోయిన మనిషికైనా నా సూది మొదటిసారికే దిగుతుంది. ఈ మాట చెప్పుకోవడానికి నాకు సిగ్గేమీ లేదు.

ఒక మధ్యాహ్నం ములుగు వైపు పల్లె నుంచి ఒక అమ్మాయిని జీపులో తెచ్చారు. దారిలోనే కాన్పయింది. పసివాడు బాగానే ఉన్నాడు. తల్లికే రక్తం ఆగడం లేదు. పెదాలు తెల్లబడ్డాయి, ఒళ్లు చల్లబడింది, మణికట్టు దగ్గర నాడి అందడం లేదు. డాక్టరమ్మ పొట్ట నొక్కుతూ ఇంజక్షన్లు చెబుతుంటే, నేను రెండు చేతులకూ లావుపాటి సూదులు పెట్టి సెలైన్లు వదిలాను. ఆ పిల్ల భర్త రక్తం కోసం బ్లడ్ బ్యాంకుకు ఉరికాడు. వాళ్లు గ్రూపు చూసి, సరిపడుతుందో లేదో కలిపి చూసి గానీ ఇవ్వరు. అందాకా ఆ పిల్లను నిలబెట్టవలసింది ఈ ఉప్పునీళ్లే.

రక్తం పోవడం కాస్త తగ్గాక డాక్టరమ్మ ఇంకో కాన్పు చూడడానికి వెళ్లింది. ఇంకో సెలైన్ తెద్దామని అటు వెళ్లి వచ్చేసరికి ఇటు చుక్క పడడం లేదు! సూది కదిలిందేమోనని చూశాను, కదల్లేదు. పైపుల మీది చిన్న చక్రాలు రెండూ ఎవరో తిప్పి మూసేశారు. మంచం పక్కన ఆ పిల్ల తల్లి నిలబడి ఉంది.

"ఎవరు బంద్ చేసిన్రు?"

"నేనే బిడ్డా," అంది ఏమీ దాచకుండా. "పచ్చి బాలింతకు పచ్చి నీళ్లు ఎక్కిస్తరా? మా దిక్కు తాగనే ఇయ్యం. సలి పట్టి సచ్చిపోతది. ఒళ్లు సూడు, ఎట్ల సల్లవడ్డదో."

"ఎక్కిస్తే కాదవ్వా, ఆపితే సస్తది!" అని అరిచాను. వార్డంతా ఇటు తిరిగింది. తిరగనీ! చక్రాలు రెండూ పూర్తిగా తెరిచాను. కానీ ఆమె చెయ్యి మళ్లీ అటే పోతోంది. బిడ్డను చంపుకోవాలని కాదు, పాపం, కాపాడుకోవాలనే. అరుపులతో ఆగే చెయ్యి కాదది.

"మీకు బోరున్నదా అవ్వా?"

"ఉన్నది."

"బోర్ల నీళ్లు లేకుంట మోటరు నడిస్తే ఏమైతది?"

"కాలిపోతది."

"నీ బిడ్డ గుండె గూడ మోటరే. లోపల రక్తం పోయింది. కొత్త రక్తం వచ్చేదాక ఏదో ఒకటి పారాలె. ఇవి పచ్చి నీళ్లు గావు, మందునీళ్లు."

"రక్తం పల్చవడదా మరి?"

"పడనీ. నీ అల్లుడు తెచ్చేది చిక్కదే."

ఆమె బిడ్డ ముఖం చూసింది. పైపులో పడుతున్న చుక్కలు చూసింది. "మరి జర జల్ది పోనియ్యి బిడ్డా! గింత మెల్లగైతే ఎట్ల?" అని నన్నే గదమాయించింది. అంత హడావిడిలోనూ నాకు నవ్వొచ్చింది. ఒక సెలైన్ సంచి ఆమె చేతుల్లో పెట్టి పిసకమన్నాను. ఇంకోటి నేను పిసికాను. నాట్లు వేసిన చేతులు, ఆమె పట్టు ముందు నా పట్టు ఏ మూలకు!

కాసేపటికి మణికట్టు పట్టుకున్నాను. ముందు ఏమీ లేదు. తర్వాత సన్నగా, ఉందో లేదో అన్నట్టు తగిలింది. ఇంకాసేపటికి వేలికి గట్టిగానే తెలిసింది. నా సూదులు, నా నీళ్లు, నా నోరు కలిసి తెచ్చిన నాడి అది. అంత గర్వం నాకు ఉద్యోగం వచ్చిన రోజు కూడా కలగలేదు. ఆ అవ్వ చెయ్యి లాగి, వేలు అక్కడ పెట్టాను.

అప్పుడే అల్లుడు రక్తం సంచితో రొప్పుతూ వచ్చి గుమ్మంలో ఆగిపోయాడు. లోపలికి చూడడానికే భయపడుతున్నాడు.

"రా కొడుకా," అంది ఆమె, వేలు తియ్యకుండానే. "పిల్ల ఉన్నది."