ఎగిడ్ పోయింట్నర్ చెప్పిన అబద్ధం

మా కీన్‌రైట్ ఊరి చర్చిలో ఆదివారం ఎవరు ఎక్కడ కూర్చుంటారో కళ్లు మూసుకుని చెప్పేయొచ్చు. ఆడవాళ్లు ఎడమవైపు, మగవాళ్లు కుడివైపు. అగ్నిమాపక దళం వాళ్లు మాత్రం చివరి రెండు వరుసల్లో, తలుపు దగ్గర. బడి కప్పు మీద సైరన్ మోగిందంటే ఫాదరుగారి ప్రసంగం సగంలో ఉన్నా లేచి పరుగెత్తాలి. ప్రసంగం తప్పించుకోవడానికే వీళ్లు దళంలో చేరారని ఫాదరుగారే ఎగతాళి చేసేవారు. జీతం భత్యం లేని పని అది. రొట్టెలు కాల్చేవాడు పొయ్యి వదిలేసి రావాలి, వడ్రంగి ఉలి పడేసి రావాలి. ఎందుకొస్తారంటే సరైన జవాబు చెప్పినవాడు ఇంతవరకూ లేడు.

ఆ దళానికి పద్నాలుగేళ్లు నాయకుడిగా ఉన్నవాడు ఎగిడ్ పోయింట్నర్. ఊరంతా గిడి అనే పిలుస్తుంది. ఇళ్ల కప్పులకు రేకులు వేయడం, వాన గొట్టాలు బిగించడం అతని వృత్తి. మనిషి పొట్టి, గొంతు పెద్దది, నోరు అసలే మంచిది కాదు. నీళ్ల పైపు మెలిక పడిందంటే పట్టుకున్నవాడి ఏడు తరాలనూ కలిపి తిట్టేవాడు. మంట ఆరాక వాడికే మొదటి బీరు పోయించేవాడు. అతని భార్య వాల్‌బుర్గా. బుర్గీ అంటే చాలు, అందరికీ తెలుసు. ఎక్కడ ఇల్లు కాలినా గంట తిరక్కుండా టీ డేక్సా, రొట్టె, సాసేజీలు పట్టుకుని అక్కడ ప్రత్యక్షమయ్యేది. మసి చేతుల్తో రొట్టె ముట్టుకుంటే ఎంతటి మగాడి వేళ్ల మీదైనా గరిటెతో ఒకటి వేసేది.

1984 ఫిబ్రవరిలో ఒక ఆదివారం ప్రసంగం నడుస్తుండగా సైరన్ మోగింది. పదహారు మంది చివరి వరుసల నుంచి బయటపడ్డారు. పొగ ఊరి చివర సెన్సి అవ్వ ఇంటి నుంచి లేస్తోంది. సెన్సి అవ్వ రూపర్ట్ తల్లి. రూపర్ట్ అప్పటికి ముప్ఫై దాటినవాడు, వడ్రంగి, వేరు కాపురం, ఆ పదహారు మందిలో ఒకడు. గిడి అతనికి జ్ఞానతండ్రి కూడా, అంటే బాప్తిస్మం నాడు అండగా నిలబడినవాడు. రూపర్ట్ నాన్న కొట్టంలో ఉరి వేసుకుంటే తాడు కోసి దించింది గిడియే. ఆ తర్వాత రూపర్ట్‌ను చేరదీసి, పని నేర్పించి, దళంలోకి తెచ్చింది కూడా అతనే.

వాళ్లు చేరేసరికి వంటింటి కిటికీ పగిలి మంట బయటికి నాలుక చాస్తోంది. గాలి సరిగ్గా పక్కనున్న రైతు లేనర్ పశువుల కొట్టం మీదికి కొడుతోంది. కొట్టంలో పదకొండు ఆవులు. నీళ్ల బండి ఒక్కటే.

"రూపర్ట్! అమ్మేదిరా?" పంపు మోతలో గిడి అరిచాడు.

"చర్చిలో ఉంది బాబాయ్! ఆదివారం కదా!"

పంపు పక్కన ఉన్నది వాళ్లిద్దరే. ఆ మాట ఇంకెవరి చెవినా పడలేదు. ఎవరేం చెప్పినా సరే, వీపున గాలి సిలిండర్లు తగిలించుకున్న ఇద్దరు ముందు ఇంట్లోకి వెళ్లి గదిగదీ వెతకాలి. అది నియమం. కొత్తగా చేరిన ప్రతివాడికీ గిడి నూరిపోసేది ఆ నియమమే. కానీ సెన్సి అవ్వ ఆదివారం పూట ఇంట్లో ఉండటమేమిటి? నలభై ఏళ్లలో ఆవిడ ప్రార్థన తప్పింది రెండుసార్లు, రెండూ కాన్పుల వల్ల. గిడిని అడిగినా చర్చిలోనే ఉందనేవాడు. ఒకరి సంగతి ఒకరికి ఇంతగా తెలిసిన ఊళ్లో మాత్రమే జరిగే తప్పు అది.

"సరే, ముందు కొట్టం తడపండి!" అన్నాడు గిడి.

ఆవులన్నీ బతికాయి. నలభై నిమిషాల తర్వాత రొట్టెల ఫ్రిడోలిన్ వంటింట్లోకి వెళ్లాడు. వెళ్లినవాడు వెళ్లినట్టే బయటికొచ్చి హెల్మెట్ తీశాడు. అది చూసి అందరికీ అర్థమైంది. జలుబు చేసి అవ్వ ఆ రోజు ఇంట్లోనే ఉండిపోయిందట. పొయ్యి పక్కన బల్ల మీద దుప్పటి కప్పుకుని పడుకుంది. చర్చిలో ఆవిడ సీటు స్తంభం పక్కన. చివరి వరుసల నుంచి చూస్తే స్తంభం అడ్డు. పక్కన కూర్చునే ఆడవాళ్లకు సీటు ఖాళీగా ఉందని తెలుసు, కానీ వాళ్లను అడిగేదెవరు? రాగానే వెతికి బయటికి తెచ్చి ఉంటే బతికేదా అని డాక్టరును అడిగితే, ఆయన తల అడ్డంగానూ ఊపలేదు, నిలువుగానూ ఊపలేదు.

రూపర్ట్ మంచులో చతికిలబడి "చర్చిలో ఉంది కదా... అమ్మ చర్చిలో ఉంది కదా..." అని గొణుగుతూనే ఉన్నాడు. ఈ మాట గుర్తు పెట్టుకుని వీడు బతకడు అనుకున్నాడు గిడి. వాళ్ల నాన్నకు కొట్టంలో పట్టిన గతి కళ్ల ముందు మెదిలింది. ఏం చేయాలో అతను అప్పుడే నిశ్చయించుకున్నాడు.

మర్నాడు జిల్లా నుంచి విచారణ అధికారి వచ్చాడు. బండ్లు పెట్టే షెడ్డులోనే అందరినీ కూర్చోబెట్టాడు.

"లోపల ఎవరైనా ఉన్నారేమో ఎవరినైనా అడిగారా?"

"లేదండీ," అన్నాడు గిడి.

"కొడుకు అక్కడే ఉన్నాడుగా. అతన్ని కూడా అడగలేదా?"

"ఎవర్నీ అడగలేదండీ. చర్చిలో ఉంటుందని నాకు నేనే అనుకున్నాను. వెతకమని ఎవరికీ చెప్పలేదు. తప్పంతా నాదే."

రూపర్ట్ ఒక్కసారి తలెత్తి చూశాడు. మళ్లీ దించేసుకున్నాడు. వీడికి ఏమీ గుర్తు లేదు, అదే మంచిది అని గిడి తేలికపడ్డాడు.

నాయకత్వం ఆ వారమే పోయింది. అది పెద్ద బాధ కాలేదు. ఊరు మాత్రం అతన్ని వదల్లేదు. వాన గొట్టాలు కారుతున్నవాళ్లు పక్క ఊరి రేకులవాణ్ణి పిలిపించుకున్నారు. సత్రంలో బీరుకు వెళ్తే లేనర్, ఎవడి ఆవులైతే బతికాయో ఆ లేనరే, అందరూ వినేలా అన్నాడు: "గిడీ, ఆ కుర్చీలో ఎవరైనా ఉన్నారేమో చూసుకుని కూర్చోవయ్యా!" అందరూ నవ్వారు. గిడి ఆ రోజు గ్లాసు సగంలోనే వదిలి వెళ్లాడు. మళ్లీ సత్రం గడప తొక్కలేదు. దళం మాత్రం మానలేదు. వాడిన పైపులు కడిగి, షెడ్డు మీది ఎత్తైన గోపురంలో వేలాడదీసి ఆరబెట్టే పని ఇంకెవరికీ అక్కర్లేదు కాబట్టి అది అతనికి మిగిలింది. గిడి ఎదురైతే రూపర్ట్ వీధి దాటి అవతలి వైపు నడిచేవాడు. తల్లి పోయినవాడి కోపం, అనుభవించాల్సిందే అనుకునేవాడు గిడి.

బుర్గీకి పడిన శిక్ష ఇంకా ఘోరం. ఆ తర్వాత ఒక గడ్డివాము కాలినప్పుడు ఎప్పటిలాగే రొట్టె పట్టుకెళ్లింది. ఒక్కడూ ముట్టలేదు. కోసిన ముక్కలు కోసినట్టే ఇంటికి తెచ్చి కోళ్లకు వేసింది. పాటల బృందంలో ఆమె పక్కన నిలబడేవాళ్లు ఒక్కొక్కరే జరిగిపోయారు. ఆమె భర్తను ఒక్క మాట అనలేదు. ఏడేళ్లకు జబ్బు చేసి మంచం పట్టింది. పోయే ముందు వారం ఆమెకు గిడి పాలు తాగిస్తుంటే గ్లాసు పక్కకు నెట్టింది.

"ఒకటి అడుగుతాను, నిజం చెప్పు. నువ్వు నిజంగా ఎవర్నీ అడగలేదా? రూపర్ట్ పక్కనే ఉన్నాడుగా. నీలాంటివాడు అడక్కుండా ఎలా ఉంటాడు?"

చెప్పేయాలని గిడికి ప్రాణం కొట్టుకుంది. కానీ బుర్గీ కడుపులో మాట దాగదు. పోయేలోపు తమ కూతురికైనా చెబుతుంది, అక్కణ్ణుంచి ఊరంతా పాకుతుంది.

"అడగలేదు బుర్గీ."

ఆమె గోడ వైపు తిరిగి పడుకుంది.

ఆ తర్వాత నాలుగేళ్లకు, అక్టోబరులో ఒక మధ్యాహ్నం, రిటైరైన టీచరమ్మ ఇల్లు అంటుకుంది. అప్పటికి దళానికి నాయకుడు రూపర్ట్. పక్కింటావిడ పరుగెత్తుకొచ్చి గొంతు చించుకుంది: "లోపలెవరూ లేరు! లింజ్‌లో కూతురి దగ్గరికి పోయింది! పొద్దున్నే నేనే బస్సెక్కించాను!" లోపలికి వెళ్లాల్సిన ఇద్దరూ ఇంకా సిలిండర్లు తగిలించుకుంటూనే ఉన్నారు. రూపర్ట్ వాళ్ల కోసం ఆగలేదు. మొహానికి తడిగుడ్డ చుట్టుకుని దూరాడు. బయటికొచ్చి, పడకగది చూడలేదంటూ మళ్లీ దూరాడు. లోపల నిజంగానే ఎవరూ లేరు. రెండోసారి బయటపడేసరికి రెండు చేతులూ మోచేతుల దాకా బొబ్బలు.

అంబులెన్సు మెట్టు మీద కూర్చోబెట్టి చేతులకు కట్లు కడుతుంటే గిడి దగ్గరికెళ్లాడు. పదకొండేళ్లలో అంత దగ్గరగా వెళ్లడం అదే మొదటిసారి. పాత నోరు ఊరుకోలేదు.

"నాయకుడివి నువ్వే ఇలా దూకితే మిగతావాళ్లను చూసేదెవడ్రా వెధవా? లేరని ఆవిడ అరిచి మరీ చెప్పిందిగా! నీకు వినపడలేదా?"

"వినపడింది."

"మరి?"

రూపర్ట్ కట్ల వైపే చూస్తున్నాడు. కట్టు కట్టే అమ్మాయి లేచి లోపలికి వెళ్లేదాకా ఆగాడు.

"నేనూ అలాగే అరిచి చెప్పాను కదా బాబాయ్, ఆ రోజు."

గిడి వంగి వాడి మొహంలోకి చూశాడు.

"నీకు... నీకు గుర్తుందా?"

"మర్చిపోతేగా గుర్తు రావడానికి. నువ్వు ఆఫీసరుతో అడగలేదన్నప్పుడు లేచి చెబుదామనుకున్నా. లేవలేకపోయా. మర్నాడు చెబుదామనుకున్నా. ఈలోగా అందరూ నిన్ను అనడం మొదలెట్టారు. వాళ్లు నిన్ను తిడుతుంటే నాకు హాయిగా ఉండేది బాబాయ్. నా మీద నాకే అసహ్యం వేసేది, హాయిగానూ ఉండేది. అందుకే నీ మొహం చూడలేకపోయా."

గిడికి ముందు వాణ్ణి కొట్టాలనిపించింది. కట్లతో కూర్చున్నవాణ్ణి ఏం కొడతాడు? ఆ మెట్టు మీదే, వాడి పక్కనే కూలబడ్డాడు. అవతల లేనర్ కోడలు టీ పోస్తోంది, దళం వాళ్లు గుమిగూడి తాగుతున్నారు. ఇటువైపు ఎవరూ చూడటం లేదు.

"బుర్గీ నన్ను అడిగిందిరా," అన్నాడు గిడి. "పోయే ముందు వారం. నిజంగా ఎవర్నీ అడగలేదా అని."

"ఏం చెప్పావు?"

"లేదనే చెప్పాను. నమ్మి పోయింది."