సైరన్ మోగితే సముద్రం వైపు

సునామీ తర్వాత మా ఊరికి సైరన్ ఇచ్చారు. బారువ పక్క పల్లె మాది. ఇంటర్ తప్పి ఖాళీగా ఉన్నానని సైరనూ దాని మైకూ నా చేతికిచ్చారు. అంతకు మించిన అర్హత ఎవరూ అడగలేదు.

శిక్షణకొచ్చిన అధికారి రెండు అట్టముక్కలు తెచ్చి, ఒకదాని కిందకి ఇంకోటి తోశాడు. సముద్రం అడుగున నేల ఇలాగే దూరి, దూరి, తట్టుకోలేక చీలుతుందట. పెద్ద చీలికైతే నిమిషాల తరబడి సాగుతుందట.

"మొదటి క్షణాల్లో భూకంపం కొలిచే మిషను చిన్నదనే చెప్పొచ్చు. పెద్దదని తేలేదాకా ఆగకండి. ముందు జనాన్ని ఎత్తు మీది జీడితోటల్లోకి పంపండి" అన్నాడు.

మా ఇంట్లో గొడవలూ అంతే కాబట్టి నాకు బాగా అర్థమైంది.

ఒక మధ్యాహ్నం సెల్లు మోగింది: సముద్రంలో భూకంపం, ఎంతదో ఇంకా తేలలేదు. సైరన్ నొక్కాను. ఊరంతా పరుగెత్తింది. సముద్రం వైపు.

మాకు సైరనంటే తుపాను. తుపానంటే ముందు పడవలు పైకి లాగాలి. తుపానుకి పూటైనా టైముంటుంది, సునామీకి ఉండదు. ఈ సంగతి అధికారికి తెలీదు. తెలిసిన నాకు తట్టలేదు.

మా మేనమామ అప్పటికే మోకాలి లోతు నీళ్ళలో, తాడు భుజానికి చుట్టుకుని పడవ లాగుతున్నాడు.

"మావా, వొగ్గీ! పడవ వదిలేసి తోటలోకి పద!"

"గాలి నేదు, మబ్బు నేదు, ఏటిరా నీ గోల? తాడట్టుకో!"

వల కోసే కత్తి తీసి తాడు కోసేశాను. ఆయన వెల్లకిలా పడి, లేచి, నా మూతి మీద గుద్దాడు. ముందుపన్ను ఊడింది. తెడ్డు అందుకుని భుజం మీద కొట్టాను. ఎముక చప్పుడు ఇద్దరికీ వినిపించింది. జుట్టు పట్టి ఇసుకలో ఈడుస్తుంటే నా మణికట్టు కొరికాడు. వెనకాల అల పడవని అడ్డం తిప్పి, బోర్లించి, పలకపలకా విడగొట్టింది. సునామీ కాదు, రోజూ వచ్చే అలే.

ఎలాగో అందరం జీడితోటకి చేరాక రెండో ఫోను వచ్చింది. ప్రమాదం లేదట.

"ఇప్పుడు సెప్పు" అన్నాడు మావ. నెత్తురు ఉమ్మాను.

అధికారి మళ్ళీ వచ్చి, ఏం మార్చాలని అడిగాడు. చేతికి కట్టుతో మావే లేచాడు.

"ఈడరిస్తే ఎవుడింటాడు? సైరన్ కంటే ముందు నాను సెప్తాను."

నిజమే. వల లాగేటప్పుడు ఊరు కదిలేది ఆయన కేకకే. ఆ కేకే సైరన్‌కి ముందు వినిపిద్దామని అధికారి టేపురికార్డరు ముందుపెట్టాడు.

"పడవలు..." అని ఆగిపోయాడు మావ. మళ్ళీ మొదలెట్టి, మళ్ళీ ఆగాడు. మూడోసారి నా వైపు చూసి అరిచాడు:

"పడవలొగ్గీండ్రా, ఎదవల్లారా!"

చివరి మాట తీసేద్దామన్నాడు అధికారి. ఊరు ఒప్పుకోలేదు.