నకిలీ వాచీ వెంట మాచర్ల నుంచి నరసరావుపేట దాకా

మాచర్లలో నాపరాళ్ళు అమ్ముకునే నాకు యాభై దగ్గరపడ్డాక మంచి వాచీ మీద మనసు పుట్టింది. డబ్బులు కూడాయి గానీ ఏది కొనాలో తెలియలేదు. అద్దాల వెనక వాచీలన్నీ పెళ్ళిచూపుల్లో కూర్చున్నట్టు ముద్దుగానే ఉంటాయి, అసలు గుణం ఇంటికొచ్చాక కదా తెలిసేది. అందుకని ముందు నకిలీవి కొని, కొన్నాళ్ళు కట్టుకుని, నా చెయ్యి దేనికి ఒప్పుకుంటుందో చూసుకుని, ఆ తర్వాతే నిజమైనది కొందామనుకున్నాను. గుంటూరులో తోపుడు బండి మీద మూడు తీసుకున్నాను. మూడూ కలిపి పన్నెండు వందలయ్యాయి.

మొదటిది నల్లటిది, పళ్ళెమంత. దాని ముఖంలో మూడు చిన్న గడియారాలున్నాయి, మూడూ బొమ్మలే. రాళ్ళు ఎత్తేటప్పుడు ప్రతి పలకకీ గీసుకుంటుంటే వారానికే పెట్టెలో పడేశాను. రెండోది బంగారు రంగు, లావుపాటి గొలుసు, ముఖం మీద ఒక పెద్ద కంపెనీ పేరు. మూడోది తెల్లటి ముఖం, పెద్ద నల్ల అంకెలు, తోలు పట్టీ. దాని మీద ఏ పేరూ లేదు.

బంగారు రంగుది కట్టుకున్న రోజున ఎదురింటి కోటయ్య బాబాయ్ నా చెయ్యి పట్టుకుని వదల్లేదు. నా నోరు ఊరుకోదు కదా, దుబాయ్ నుంచి స్నేహితుడు పంపిన ఒరిజినల్ అని చెప్పాను. ఇదే బాబాయ్ సెల్‌ఫోను మోతను గొర్రె అరుపుగా మార్చి పంచాయతీకి పంపించినవాణ్ణి నేను. ఇదీ అలాంటిదే, రెండ్రోజులు నవ్వుకుని నిజం చెబుదామనుకున్నాను. ఈలోగా నేను రాళ్ళ లోడుకు వెళ్ళి రాత్రి ఇంటికొచ్చేసరికి వాచీ లేదు. మర్నాడు నరసరావుపేటలో బాబాయ్ కొడుకు నరేష్ నిశ్చితార్థం. పిల్లాడి చేతికి పెడతానని బాబాయ్ వచ్చి అడిగాడట. మా ఆవిడ పద్మ ఇచ్చేసింది, వాళ్ళంతా సాయంత్రమే నరసరావుపేట బయల్దేరారట. మా వైపు శుభకార్యానికి నగలు ఎరువు అడిగితే లేదనరు.

"అది నకిలీదని నీకు తెలుసు కదే" అన్నాను.

"ఊరంతా ఒరిజినలని చాటింపేసింది ఎవరయ్యా? నేను కాదంటే ఇయ్యడం ఇష్టంలేక అబద్ధమాడిందంటారు."

 అంతకంటే భయపెట్టే సంగతి తర్వాత చెప్పింది. పెళ్ళికూతురి చిన్నాన్నకు నరసరావుపేటలో వాచీల షాపు ఉందట. పొద్దున షాపు తెరిచి, బేరాలు చూసుకుని, భోజనాల వేళకు ఫంక్షన్ హాలుకు వస్తాడట. ఆయన కన్ను నరేష్ చేతి మీద పడితే కొత్త వియ్యంకుల ముందు బాబాయ్ తల ఎక్కడ పెట్టుకుంటాడు? పల్నాడులో మాట పడ్డవాళ్ళు మూడు తరాలు గుర్తుపెట్టుకుంటారు. బాబాయ్‌కి ఫోను చేస్తే సన్నాయి మధ్య నా మాట వినపడలేదు. "బస్సెక్కి రారా, పప్పన్నం దొరుకుద్ది" అని పెట్టేశాడు.

తెల్లవారాక లోడు దింపించి తొమ్మిదింటి బస్సు పట్టుకున్నాను. మాచర్ల నుంచి గురజాల, పిడుగురాళ్ళ, నకరికల్లు మీదుగా నరసరావుపేటకు రెండున్నర గంటలు అనుకోండి, మిరపకాయల బస్తాలు ఎక్కే కాలమైతే మూడు. రెండొందల నోటిస్తే చిల్లర వచ్చింది. ఎడమవైపు కిటికీ పట్టుకోండి, ఎండ తక్కువ. నా చేతికి తెల్ల వాచీ ఉంది. నా ఆలోచన ఒకటే, షాపాయన రాకముందు దీన్ని నరేష్ చేతికి పెట్టి, దాన్ని నా జేబులో వేసుకోవాలి. పేరు లేని వాచీని ఎవరూ నకిలీ అనలేరు కదా.

గురజాల దాటేదాకా నిమిషానికోసారి టైము చూశాను. కండక్టరు గమనించాడు.

"ఏంది పెద్దాయనా, వాచీ చూస్తే బస్సు పరిగెత్తుద్దా?"

"నువ్వు చూడకుండా నడిపిస్తుంటే నేనన్నా చూడాలి కదయ్యా."

"కోర్టు వాయిదానా?"

"అంతకంటే పెద్దది, నిశ్చితార్థం."

"మీకా?" అన్నాడు. వెనక సీట్లో ఆడవాళ్ళు నవ్వారు. మామూలుగా అయితే నరసరావుపేట దాకా వాణ్ణి వదిలేవాణ్ణి కాదు. ఆ రోజు నా ధ్యాసంతా వాచీ మీదే ఉంది.

పిడుగురాళ్ళలో పావుగంట ఆగింది. సున్నపు దుమ్ముకు చెట్లు ముసలివైపోయినట్టుంటాయి అక్కడ. స్టాండు బయట పదిహేను రూపాయల టీ బాగుంటుంది, తాగుతూ మళ్ళీ టైము చూశాను. అప్పుడే ఒకటి తట్టింది. కళ్ళజోడు ఇంట్లో మర్చిపోయాను, అయినా ఇంతసేపూ టైము చూస్తూనే ఉన్నాను. గతుకుల్లో కూడా ఆ అంకెలు నాకు కనపడుతూనే ఉన్నాయి. బంగారు రంగుది అయితే తళతళే తప్ప ముల్లు కనపడేది కాదు, పైగా గొలుసు సందుల్లో చేతి వెంట్రుకలు పీకేది. దీన్ని కట్టుకున్నట్టే లేదు. భయంలో ఉన్న మనిషికి ఏది పనికొస్తుందో అదే వాడి వాచీ కాబోలు. దాన్ని ఇప్పుడు నరేష్‌కి ఇచ్చేయాలి అనుకుంటే కాస్త గుచ్చుకుంది.

నరసరావుపేట స్టాండు నుంచి హాలుకు ఆటోవాడు నూట యాభై అన్నాడు, ఎనభైకి వచ్చాడు. లోపలికి అడుగు పెట్టేసరికే ఆలస్యమైపోయింది. స్టేజీ మీద పెళ్ళికూతురి అన్న సాయి, నరేష్ చేతికి కొత్త వాచీ కడుతున్నాడు. సాయి చిలకలూరిపేట స్పిన్నింగ్ మిల్లులో గుమాస్తా అట, పాతికేళ్ళవాడు. కట్టడం అయ్యాక, నరేష్ చేతి నుంచి తీసిన వాచీని వాళ్ళ పెద్దావిడ ఒకామె సాయి చేతికే పెట్టేసింది. అది వాళ్ళ ఇంటి ఆనవాయితీ. బావ విప్పింది బావమరిదికి. మా వైపు ఆ పద్ధతి లేదు, బాబాయ్‌కి అసలు తెలియదు.

బాబాయ్ స్టేజీ దిగి నన్ను స్తంభం చాటుకు లాక్కెళ్ళాడు. చెమటలు పట్టి ఉన్నాడు.

"ఒరేయ్ శ్రీనూ, నీ దుబాయ్ వాచీ పోయిందిరా. అడగలేను, ఊరుకోలేను. ఎంతైనా సరే, మిరపకాయలు అమ్మి కట్టిస్తా."

"బాబాయ్, అది నకిలీది. గుంటూరులో బండి మీద కొన్నా."

ఆయన నా భుజం మీద చెయ్యేశాడు. కళ్ళు చెమర్చాయి. "నా బాధ చూడలేక అట్టా అంటన్నావు. నువ్వు చానా మంచోడివిరా, ఇన్నాళ్ళూ ఎకసెక్కాలోడివే అనుకున్నా."

జీవితంలో నిజం చెప్పి ఇంత అబద్ధాలకోరుగా ఎప్పుడూ నిలబడలేదు. అవతల ఆకులు వేస్తున్నారు. షాపాయన ఏ క్షణమైనా వస్తాడు. సాయి చేతికి అది మెరుస్తోంది, వాడు ఇద్దరు ముగ్గురికి చూపిస్తున్నాడు కూడా. నేను పోయి వాడి పక్కన కూర్చున్నాను.

"బావమరిదీ, మిల్లులో దూది ఎగురుద్దా?"

"ముక్కులోకి కూడా పోద్ది బావా."

"మరి ఆ గొలుసు సందుల్లోకి పోదా? నెల తిరిగేసరికి నీ చేతికి వత్తి కట్టినట్టుంటది."

వాడు మణికట్టు తిప్పి చూసుకున్నాడు. "ఇప్పటికే వెంట్రుకలు లాగుతోంది. అయినా మీవాళ్ళు ఇచ్చింది ఎట్టా తీయను?"

"మావాళ్ళలో నేనూ ఒకణ్ణి. ఇది కట్టి చూడు." తెల్లది విప్పి ఇచ్చాను. "చెప్పేస్తన్నా, ఇది నాలుగొందలది. దీని మీద పేరు లేదు, అబద్ధమూ లేదు."

కట్టుకుని, చెయ్యి దూరం పెట్టి చూశాడు, దగ్గరకు తెచ్చి చూశాడు. "వెల ఎవరడిగారు బావా. ఇదే బాగుంది" అని బంగారు రంగుది నా చేతిలో పెట్టాడు. నేను దాన్ని జేబులో కుక్కి ఊపిరి పీల్చుకున్నాను.

ఆ ఊపిరి పప్పు దాకా కూడా నిలవలేదు. షాపాయన వచ్చి మా వరసలోనే కూర్చున్నాడు. సాయి చెయ్యి చూసి, "శుభ్రంగా ఉందిరా, ఎవరు ఏరారు?" అన్నాడు. బాబాయ్‌కి ఇందాక దూరం నుంచి చూసిన వాచీల మార్పిడితో నా త్యాగం గుర్తొచ్చి గొంతు పెరిగింది.

"మా శ్రీను ఇచ్చాడు బావగారూ. వాడి జేబులో అసలుది ఉంది, దుబాయ్‌ది. తియ్యరా, చూపించు."

పంక్తి పంక్తంతా నా వైపు తిరిగింది. తీయక తప్పలేదు. ఆయన ఎడమచేత్తో అందుకుని, బరువు చూసి, వెనక్కి తిప్పి, తర్వాత నా ముఖంలోకి చూశాడు. ఆ చూపు ముందు నా అన్నం ముద్ద ఆకులోనే ఉండిపోయింది. బాబాయ్ మెడ చాపి ఎదురు చూస్తున్నాడు. ఆయన బాబాయ్‌ని కూడా ఒకసారి చూసి వాచీని నాకు తిరిగిచ్చాడు.

"లోపల పెట్టుకో అల్లుడూ. పెళ్ళిళ్ళకి ఎరువు మాత్రం ఇయ్యమాకు." ఆ తర్వాత నాకొక్కడికే వినపడేలా, "అసలు నీకు ఎట్టాంటిది కావాలి?" అన్నాడు.

నేను సాయి చేతి వైపు చూపించాను. "ఇందాకటి దాకా నా చేతికున్నది."

సాయంత్రం ఆయన షాపులోనే అలాంటిది నిజమైనది కొనుక్కుని నకరికల్లు మీదుగా తిరిగి వస్తూ ఆలోచించాను. మూడు నకిలీలు కట్టుకున్నా నా రుచి కట్టుకున్నప్పుడు పూర్తిగా తెలియలేదు. తెల్లది సాయికి ఇచ్చేశాక, భోజనాల దగ్గర టైము కోసం ఖాళీ మణికట్టు వంక ఎన్నిసార్లు చూసుకున్నానో. ఏది పోతే చెయ్యి వెతుక్కుంటుందో అదే మనది. అది నకిలీదంటే బాబాయ్ మాత్రం ఇప్పటికీ నమ్మలేదు. పెళ్ళికి నరేష్ చేతికి ఆ దుబాయ్ వాచీయే కావాలని పద్మకు అప్పుడే చెప్పి ఉంచాడు, నాకు మళ్ళీ నిద్ర పట్టడం లేదు.

మీరూ ఇలా రుచి చూసుకోవాలనుకుంటే ఒకటే జాగ్రత్త. ముఖం మీద ఎవరి పేరూ లేని వాచీనే కొనండి. సైజూ, బరువూ, పట్టీ తెలుసుకోవడానికి పేరుతో పని లేదు.